చావుకు పాత తోలు

ఈ మధ్య మా సందులో కొత్తగా బ్యాండు పెట్టిన కుర్రాళ్లు నన్ను పట్టుకుని వదలడం లేదు. మెడలో డ్రమ్ము వేసుకోగానే విద్వాంసులైపోయామనుకునే రకం. తోలు చిరిగేదాకా బాదుతారు. చిరిగాక ఫోనులో నొక్కి కొత్తది తెప్పిస్తారు. దాన్ని బిగించడం చేతగాక నా దగ్గరికి పరిగెత్తుకొస్తారు. నేను బిగించిపెట్టి, నాలుగు చీవాట్లు పెట్టి, టీ తాగించి పంపిస్తుంటాను. మొన్న వాళ్లలో ఒకడు అరిగిపోయిన తోలును విప్పి జాగ్రత్తగా గోడకు ఆనించి, “దీన్ని చావులకు ఉంచుకుందాం తాతా” అన్నాడు. వాడికి ఆ మాట ఎవరు నేర్పారో తెలియదు. ఆ రోజు వాళ్లకు టీ ఇవ్వకుండానే పంపేశాను. ముఖం మాడ్చుకుని పోయారు పాపం. ఎందుకు కోపం వచ్చిందో అప్పుడు చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతాను.

నేను పనిచేసింది నెల్లూరులో ఒక పాత బ్యాండు మేళంలో. సైడు డ్రమ్ము వాయించేవాడిని. డ్రమ్ముల బాగోగులు కూడా నా నెత్తినే పడ్డాయి, మిగతా వాళ్లెవరికీ ఆ ఓపిక లేదు. తోలు అంటున్నానని మేకతోలు అనుకోకండి. మా కాలానికే అదంతా ప్లాస్టిక్ అయిపోయింది, మాట మాత్రం మిగిలింది. ప్లాస్టిక్‌కు పురుగు పట్టదు, వానకు జారిపోదు. కానీ అరుగుతుంది. కర్ర పడే చోట ముందు నున్నగా అవుతుంది, తర్వాత తెల్లబడుతుంది, ఆ తర్వాత చిన్న గుంట పడుతుంది. అది అందరికీ కనబడుతుంది. అసలు జబ్బు అంచున ఉంటుంది. ఇనుప రింగు కింద తోలు మడత పడే చోట సన్నటి చీలికలు వస్తాయి. బొటనవేలితో అంచు వెంబడి ఒత్తుకుంటూ పోతే తప్ప దొరకవు. మా వైపు ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పట్టి ఒకటి తిరుగుతుంది, ఒకటి మొండికేస్తుంది. లాగుడు ఒక పక్కే ఎక్కువై తోలు ఇంకా తొందరగా పోతుంది. కొబ్బరినూనె పూయండిరా అని ఎన్నిసార్లు చెప్పినా మా వాళ్లు ఆ నూనె తలకు రాసుకునేవాళ్లు గానీ బోల్టుకు రాసేవాళ్లు కాదు.

పెద్ద డ్రమ్ములకు కొత్త తోలు వస్తే అది ముందు పెళ్లి డ్రమ్ముకు ఎక్కేది. పెళ్లిలో కంగుమనాలి. కొంతకాలానికి దాని గొంతు తగ్గేది. అప్పుడు దాన్ని దించి జాతరలకు, వినాయకుడి ఊరేగింపులకు, క్రిస్మసు ర్యాలీలకు తిప్పే డ్రమ్ముకు వేసేవాళ్లం. ఆ కేకల్లో ఎవరికీ తేడా తెలియదు. అక్కడ కూడా దాని పని అయిపోయాక చావు డ్రమ్ముకు వేసేవాళ్లం. చావు డ్రమ్ము మాకు వేరే ఉండేది. దానికి నల్లగుడ్డ చుట్టి గదిలో ఒక మూల పెట్టేవాళ్లం. పెళ్లివాళ్లు మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడు అది కంటబడకుండా పైన గోనెపట్టా కప్పేవాళ్లం. మాలో ఎవడికైనా జలుబు చేసి గొంతు బొంగురుపోతే, “వీడికి చావు తోలు పడిందిరోయ్” అని ఏడిపించేవాళ్లం. చుట్టుపక్కల మేళాలన్నింటిదీ ఇదే పద్ధతి.

ఇది పిసినారితనం కదా అంటే, సగం అదే. మిగతా సగం పెద్దన్న చెప్పేవాడు. పెద్దన్న అంటే మా పెద్ద డ్రమ్ము వాయించే మనిషి. వయసులో అందరికన్నా పెద్ద, మోసేది కూడా పెద్దది, అందుకని మాకందరికీ పెద్దన్న. ఆదివారం చర్చిలో వెనక వరసలో కూర్చుని హాయిగా కునుకు తీసేవాడు. పాస్టరు గారి గొంతు అంత కమ్మగా ఉంటే నేనేం చేసేదిరా అనేవాడు. మాటలు తక్కువే, కానీ చావు ఇంటికి పోయేటప్పుడు మాత్రం దారిలో ఒక మాట మాకు చెప్పకుండా ఉండేవాడు కాదు.

“ఏడ్చేవోళ్ల కాడ కంగుమని కొట్టబాకండిరా. కొత్త తోలు చెంప మీద కొట్టినట్టు ఉంటాది. పాతదైతే వాళ్లతో పాటు మూలగతాది.”

అది నిజమే. ఆయన గుడ్డ చుట్టిన కర్రతో ఆ పాత తోలు మీద వాయిస్తూ ముందు నడుస్తుంటే, పాడె మోసేవాళ్ల అడుగులు వాటంతట అవే కుదురుకునేవి. డ్రమ్ము మోగుతోందని కూడా ఎవరూ గమనించేవాళ్లు కాదు. అంత మెత్తగా వాయించే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇక మా మాస్టరు. క్లారినెట్టు ఆయనదే, మేళం ఆయనదే. నోరు మంచిది, అదే ఆయనతో వచ్చిన చిక్కు. ఎదుటి మనిషి కంట తడి చూస్తే ఏదో ఒకటి చెప్పి ఓదార్చకుండా ఉండలేడు. పెళ్లిలో అప్పగింతలప్పుడు కూడా క్లారినెట్టు చంకలో పెట్టుకుని పెళ్లికూతురు తల్లికి ధైర్యం చెప్పడానికి పోయేవాడు.

ఒకరోజు పొద్దున ఆయనకు ఫోను వచ్చింది. మైపాడు దాటాక తీరం వెంబడి ఉండే ఒక చేపల వేట పల్లె. బోటు తిరిగి వస్తూ మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, అలకు తిరగబడిందట. శవం దొరికింది, మధ్యాహ్నానికి మేళం కావాలి అన్నారు. వాళ్లు అంతే చెప్పారు, మాస్టరు అంతకంటే అడగలేదు. నేను గోనెపట్టా తీసి చావు డ్రమ్ము ముందుకు లాగి అంచు ఒత్తి చూశాను. ఒక పక్క చీలికలు వేలికి గరుకుగా తగిలాయి.

“మాస్టరూ, ఇది ఇంక అయిపోయింది. పెద్దన్న మెల్లగా వాయిస్తే ఈ పూటకు నిలబడతాది” అన్నాను.

“చావుకే గదా. మెల్లగానే వాయిస్తాడులే” అన్నాడు మాస్టరు.

పక్కనే పెళ్లి డ్రమ్ము కొత్త తోలుతో మెరుస్తోంది. మాలో ఎవరూ దాని వైపు కూడా చూడలేదు. చావుకు పెళ్లి డ్రమ్ము తీసుకుపోవాలన్న ఆలోచనే మా బుర్రల్లో పుట్టదు. పుట్టినా ఒప్పుకోం. ఒకసారి శవం ముందు మోగిన డ్రమ్మును మళ్లీ పెళ్లి పందిట్లోకి ఎట్లా తీసుకుపోతాం?

టాటా ఏస్‌లో సామాను వేసుకుని పోయాం. రొయ్యల గుంటలు దాటి ఇసుక మొదలయ్యేసరికి ఊరంతా ఒడ్డునే ఉందని అర్థమైంది. బోట్లన్నీ ఇసుక మీదకు లాగి ఉన్నాయి. వలలు బోట్లలోనే పడి ఉన్నాయి. మనిషి నీళ్లలో పోతే ఆ కార్యం ముగిసేదాకా ఆ ఊరివాళ్లు వేటకు పోరు. మేము దిగగానే ఊరి పెద్ద మాస్టరునూ మమ్మల్నీ పక్కకు పిలిచాడు.

“పోయినోళ్లు ఇద్దురు. అన్నదమ్ములు. చిన్నోడు ఇయ్యాల తెల్లారి దొరికినాడు. పెద్దోడు దొరకలా. మూడు దినాలుగా మా బోట్లన్నీ వేసుకోని ఎతికినాం, పోలీసోళ్లూ ఎతికినారు. ఇంక లేడని మాకందరికీ తెలుసు. తల్లి ఒప్పుకోదు. అరవ బోటోళ్లు ఎవురో ఎక్కించుకోని ఉంటారు, ఫోను తడిసిపోయి ఉంటాది, వస్తాడంటాది. మునుపు ఒకడు అట్నే వచ్చినాడు. అదే పట్టుకోని కూర్చోని ఉండాది. ఇద్దురికీ కలిపి ఈ పొద్దే కార్యం చేసేద్దామా అంటే మా మీదకు చీపురెత్తింది. మీరేం మాట్లాడబాకండి. వాయించి పోండి.”

సరే అన్నాం. మాట్లాడకుండా వాయించి పోవడమే మా పని, అంతవరకు మాకు బాగానే వచ్చు.

చిన్నవాడి శరీరాన్ని గుడ్డతో పూర్తిగా చుట్టేశారు. అన్ని రోజులు నీళ్లలో నానినవాడు. ముఖం ఎవరికీ చూపించలేదు, మొలతాడు చూసి తల్లి గుర్తుపట్టిందట. ఆమె శవం దగ్గర కూర్చుని ఉంది, బక్కపలచటి మనిషి. చుట్టూ ఆడవాళ్లు శోకాలు పెడుతున్నారు, ఆమె మాత్రం ఏడవడం లేదు. ఆమె వెనకే గుడిసె నిట్టాడు గుంజ పట్టుకుని పెద్దోడి పెళ్లాం నిలబడి ఉంది. చిన్నపిల్ల. ఏడవాలో వద్దో ఎవరూ చెప్పనట్టు అందరి ముఖాలూ చూస్తోంది. అత్త నమ్మకం వదులుకుంటే ఆ పిల్ల బొట్టూ గాజులూ ఆ సాయంత్రమే పోతాయి. అది అక్కడున్న అందరికీ తెలుసు, అందరికన్నా ఆ పిల్లకు తెలుసు.

మమ్మల్ని చూసి తల్లి లేచి వచ్చింది.

“పెద్ద డ్రమ్ము ఎవురిది?”

“నాది తల్లీ” అన్నాడు పెద్దన్న.

“ఆ నల్లగుడ్డ తీసెయ్యి నాయనా. గట్టిగా వాయించు. చిన్నోడి కోసరం కాదు, వాడికింక ఏం ఇనపడదు. పెద్దోడు యాడన్నా నీళ్ల మీద ఉండాడేమో. ఒడ్డు ఎటు పక్క ఉండాదో తెలియక తిప్పలు పడతా ఉంటాడు. వాడికి ఇనపడాల.”

ఊరి పెద్ద మా వైపు చూసి కళ్లతోనే వద్దన్నాడు. పెద్దన్న ఆయన వైపు చూడలేదు. నల్లగుడ్డ ముడి విప్పి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నన్ను ఒక బోటు చాటుకు తీసుకుపోయి డ్రమ్ము ఇసుకలో దించాడు.

“బిగించు” అన్నాడు.

“అన్నా, అంచు చూసినావా? ఇంకో చుట్టు తిప్పితే పోతాది.”

“ఎంతసేపు నిలబడతాది?”

“నువ్వు గట్టిగా వాయిస్తే చెప్పలేను. పూడ్చే చోటు దాకా మాత్రం రాదు.”

“రెండో పక్క?”

“అది దీనికంటే ముందే సచ్చింది. మెల్లగా వాయించన్నా, ఆమెకేం తెలుస్తాది?”

“సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. ఏ మోత ఎంత దూరం పోతాదో నీకంటే ఆమెకే బాగా తెలుసు. బిగించు.”

నెల్లూరుకు పోయి పెళ్లి డ్రమ్ము తెద్దామా అని నా నోటి దాకా వచ్చింది. జన్మలో మొదటిసారి వచ్చింది ఆ ఆలోచన. కానీ అప్పటికే పాడె సిద్ధమైంది, ఆ శరీరం ఇంక ఆగేది కాదు. స్పానరు తీసి ఒక బోల్టు తిప్పాను. దానికి ఎదురుగా ఉన్నది పెద్దన్న తిప్పాడు. అట్లా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ వచ్చాం. తుప్పు కిర్రుమన్నప్పుడల్లా నా పళ్లు బిగుసుకున్నాయి. చివరికి ఆయన వేలితో తట్టి చూసి, చాలన్నాడు.

పాడె లేచింది. పూడ్చే చోటు సరుగుడు తోటల వెనక ఉంది, ఒడ్డు వెంబడి కొంత దూరం నడిచి లోపలికి తిరగాలి. ఊరి చివరిదాకా ఆడవాళ్లు కూడా వస్తారు. మాస్టరు క్లారినెట్టు అందుకున్నాడు. పెద్దన్న డ్రమ్మును సముద్రం వైపుకు తిప్పి పెట్టుకుని కర్ర ఎత్తాడు.

ఆయన అంత గట్టిగా వాయించడం నేను పెళ్లిళ్లలో కూడా వినలేదు. ఏడ్చేవాళ్ల దగ్గర కంగుమనకూడదని మమ్మల్ని సతాయించిన మనిషి భుజం ఎత్తి మరీ కొడుతున్నాడు. ఆ పాత తోలుకు ఇంకా అంత గొంతు ఉందని నాకు తెలియదు. అలల మోత మీదుగా దెబ్బ దెబ్బకూ ముందుకు పోతోంది. పాడె మోసేవాళ్ల అడుగులు తడబడ్డాయి. శోకాలు పెట్టేవాళ్లు ఆపేసి చూశారు. ఊరి పెద్ద తల పట్టుకున్నాడు. తల్లి మాత్రం తడి ఇసుకలోకి దిగి మాతో పాటే నడుస్తూ, ఒక్కసారి కూడా పాడె వైపు తిరగకుండా, నీళ్లనే చూస్తోంది. ఆమె ముఖం తేటపడింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా వెతుకుతోంది. పెద్దోడి పెళ్లాం కూడా నాలుగు అడుగులు ముందుకు పరిగెత్తి అత్త పక్కన చేరింది. మీరు నవ్వితే నవ్వండి, నేను కూడా సముద్రం వైపు చూశాను. ఏదైనా తల కనబడుతుందేమోనని చూశాను. ఆ మోతలో అట్లా చూడకుండా ఉండటం ఎవరి తరమూ కాదు.

తోలు చిరిగిన చప్పుడు పెద్దదేమీ కాదు. పాత దుప్పటి చింపినట్టు వచ్చింది, అంతే. అంచు వెంబడి ఊడిపోయి, కర్రతో పాటు పెద్దన్న చెయ్యి మణికట్టు దాకా డ్రమ్ములోకి పోయింది. నా కర్రలు ఆగిపోయాయి, క్లారినెట్టు ఆగిపోయింది. ఇంక అలల చప్పుడు ఒక్కటే మిగిలింది.

తల్లి నీళ్ల మీద నుంచి చూపు తిప్పింది. చిరిగిన తోలును, అందులో ఇరుక్కున్న చేతిని చూసింది. ఇదిగో, ఇక్కడే మా మాస్టరు ఉండబట్టలేకపోయాడు. ఆమె దీన్ని అపశకునం అనుకుని కుంగిపోతుందని ఆయన భయం. క్లారినెట్టు చంకలో పెట్టుకుని ముందుకు పోయాడు.

“దిగులు పడబాక తల్లీ. ఇది అపశకునం కాదు. పాత తోలు, అందుకని చిరిగింది. అంతే. చావులకు మేము ఎప్పుడూ ఇదే తెస్తాం.”

ఆయన మంచికే చెప్పాడు. చెప్పింది అక్షరం అక్షరం నిజం.

“చావులకు తెచ్చేదా?” అంది ఆమె.

“అవునమ్మా. మంచికి వేరే ఉండాది.”

ఆమె ఊరి పెద్ద వైపు చూసింది, ఆయన తల దించుకున్నాడు. పాడె మోస్తున్న వాళ్ల వైపు చూసింది. ఒక్కరూ ఆమె కళ్లలోకి చూడలేదు.

“మీరు చావు అని చెప్పినారు, వాళ్లు చావుదే తెచ్చినారు. ఊరికీ తెలుసు, మేళానికీ తెలుసు. నేనొక్కదాన్నే ఆ డ్రమ్ము ఇని నా బిడ్డ వస్తాడని నీళ్లలో నిలబడి ఉండా.”

నాకు అరవాలనిపించింది. అమ్మా, అది ప్లాస్టిక్ రేకు, బతికినవాడెవడో పోయినవాడెవడో దానికేం తెలుసు, ఆ తేడాలన్నీ మేము పెట్టుకున్నవి, మా తోలును చూసి నీ కొడుకును వదులుకోకు అని అరవాలనిపించింది. అరిచి ఉంటే ఏమయ్యేదో తెలియదు. ఆమెకు ఇంకో రెండు రోజుల ఆశ మిగిలేదేమో. మాట్లాడవద్దని ఊరి పెద్ద చెప్పిన మాట మాస్టరు వినలేదు, నేను విన్నాను. ఇద్దరిలో ఎవరం తప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పెద్దోడు ఎప్పటికీ దొరకలేదు. ఏ అరవ బోటూ తీసుకురాలేదు, ఏ ఒడ్డూ ఇవ్వలేదు. కాబట్టి ఆ రోజు తోలు నిలబడినా జరిగేది మారదని మా వాళ్లు పెద్దన్నకు చాలాసార్లు చెప్పారు. ఆయన వినేవాడు, అవుననేవాడు, చావు మేళానికి పిలిస్తే మాత్రం రానని పక్కకు తిరిగి కూర్చునేవాడు. చావుకు వేరే డ్రమ్ము పెట్టే పద్ధతి మా మేళంలో మానేశాం. దాంతో కొన్ని పెళ్లిళ్లు చేజారాయి. ఏ శవం ముందు మోగిందో తెలియని డ్రమ్ము మాకొద్దని ముఖం మీదే అన్నవాళ్లు ఉన్నారు. వాళ్లను నేను తప్పుపట్టలేదు, మేము కూడా అట్లా అనుకున్నవాళ్లమే. ఇవన్నీ తర్వాతి సంగతులు.

ఆ పొద్దు ఆ తడి ఇసుకలో, ఆమె చీర చెంగు నడుముకు చుట్టుకుని మా దగ్గరికి వచ్చింది. గొంతులో కోపం లేదు. ఇంటికి వచ్చిన చుట్టాలతో మాట్లాడినట్టే మాట్లాడింది.

“మళ్లీ ఇంకోసారి మీరు రాబాకండి నాయనా. ఇద్దురికీ ఇప్పుడే వాయించేయండి.”

“అత్తా!” అంది పెద్దోడి పెళ్లాం. అప్పటిదాకా ఆ పిల్ల గొంతు మేము వినలేదు. తల్లి పోయి కోడలి రెండు చేతులూ పట్టుకుంది, ఇద్దరూ ఉన్నచోటే కూలబడ్డారు. అప్పుడు ఏడ్చింది ఆమె, ఇద్దరు కొడుకుల పేర్లూ కలిపి పిలుస్తూ.

పెద్దన్న చిరిగిన డ్రమ్మును కౌగిలించుకున్నట్టు పట్టుకుని నిలబడిపోయాడు. మాస్టరు క్లారినెట్టు నోటి దాకా తీసుకుపోయి దించేశాడు. ఊరి పెద్ద కానివ్వమని నాకు సైగ చేశాడు. మిగిలింది నా సైడు డ్రమ్ము ఒక్కటే. దాని అడుగున గరగరలాడే తీగలు వదులు చేసి, కర్రలు ఎత్తి, ఇద్దరికీ కలిపి మెల్లగా వాయించాను. గట్టిగా వాయించమని ఇంక ఎవరూ అడగలేదు.